దిగకండి!

"ఇద్దరూ కదలకండి! మీ బరువుంటేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది," అంటూ భార్యనూ కోడలినీ వాషింగ్ మెషీన్ ఎక్కించి, పెద్దాయన టార్చితో నేలమీద బోర్లా పడుకున్నారు.

కోడలి చొక్కా రంగు దిగి అత్తగారి తెల్లదుప్పట్లు గులాబీ అయిన రోజు నుంచి వాళ్లకు మాటల్లేవు. ఇటు మాట అటు మోసి మోసి ఆయన నాలుక అరిగిపోయింది.

లోపల డ్రమ్ము గిరగిర తిరుగుతుంటే మెషీన్ గంతులు మొదలుపెట్టింది.

"మీ కో-కో-కోడల్ని జరగమనండి!"

"అ-అ-అత్తయ్యనే జరగమనండి, మామయ్యా!"

మెషీన్ ఒక్క ఎగురు ఎగిరింది.

"అమ్మో, అత్తయ్యా, పడిపోతున్నా!"

"నన్ను పట్టుకోవే, పిచ్చిమొద్దూ!"

పైనుంచి జలజలా నవ్వులు రాలాయి.

కింద మెషీన్‌కు వదులైన కాలు ఆయనకు దొరికింది. స్పానరుతో బిగించారు. మెషీన్ బుద్ధిగా నిలిచింది. పైన నవ్వులూ సద్దుమణిగాయి.

ఆయన క్షణం ఆలోచించి, బిగించిన కాలును మళ్లీ వదులు చేశారు.

"ఊహూఁ, ఇంకా దొరకలేదు. దిగకండి!"