ఎడమ నుంచి కుడికి

"ఒక్క అక్షరం తేడా వచ్చినా కనెక్టు కాదన్నాడు సైటు చేసినబ్బాయి. జాగ్రత్తమ్మా," అంటూ కళ్లద్దాల షాపాయన జేబులోంచి చీటీ తీసి టీచరమ్మ చేతిలో పెట్టాడు.

సర్వర్ అడ్రసు, యూజర్ పేరు, పాస్‌వర్డు, పోర్టు నంబరు. నాలుగంటే నాలుగు లైన్లు. మడతలు పడి, చెమటకి మెత్తబడిన కాగితం.

ఆయన భార్య కనబడకుండా పోయి పదకొండు రోజులైంది. ఐదేళ్ల కూతురు కూడా ఆవిడతోనే. పోలీసులకి చెప్పాడు. బస్టాండులో కాగితాలు అంటించాడు. చుట్టాలందరి గుమ్మాలూ తొక్కాడు. ఎక్కడా జాడ లేదు. చివరికి ఎవరో చెబితే వెబ్‌సైటు చేయించాడు. పేజీలు తయారుచేసినవాడు వాటిని పెన్‌డ్రైవులో పడేసి, సర్వర్లోకి మీరే ఎక్కించుకోండని చేతులు దులుపుకున్నాడు. ఎక్కించాలంటే ఒక ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రాము పెట్టాలంటే టీచరమ్మ కావాలి.

ఆ వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా ముందు గుర్తొచ్చేది కంప్యూటర్ క్లాసులు చెప్పే టీచరమ్మే. ఎవరింట్లో ఏముందో ఆమెకి తెలుసు. నోరు మాత్రం విప్పదు.

ప్రోగ్రాము డౌన్‌లోడ్ అవుతోంది. ఆయన కాలుగాలిన పిల్లిలా షాపులో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా అన్నయ్యగారూ?"

షాపు వెనకే ఇల్లు. మధ్య తలుపుకి గడియ షాపువైపే ఉంది. ఆయన అది తీసి లోపలికెళ్లి, గ్లాసుతో తిరిగొచ్చేసరికి తెర మీద ఇంకో చిన్న ప్రోగ్రాము కూడా చేరింది.

"ఇదేంటమ్మా, రెండున్నాయి?"

"అది పంపడానికి. ఇది అందుకోవడానికి."

అంతా అర్థమైనట్టు తలూపాడు. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మగవాళ్లు ఎక్కువగా చేసే పని అదే.

తెర రెండు గడులుగా విడిపోయింది. "ఎడమవైపున్నది మీ కంప్యూటరు. కుడివైపు సర్వరు. ఎడమ నుంచి కుడికి లాగితే ఫైలు వెళ్లిపోయినట్టే," అంది టీచరమ్మ.

ఊరందరికీ చూపు సరిచేసే మనిషి ముక్కు తెరకి ఆనించి మరీ చూశాడు. "ఇంతేనా!"

ఆమె అడ్రసు కొట్టింది.

"చీటీ చూడకుండానే కొట్టేస్తున్నావే!"

"ఒకసారి చూస్తే గుర్తుండిపోతాయండీ," అంది.

కనెక్టు నొక్కింది. కింద ఎర్ర అక్షరాలు పడ్డాయి. కనెక్షను దొరకలేదు.

ఆయన పిడికిలి దభీమని బల్లమీద పడింది. అంచున ఉన్న కళ్లజోడు జారి నేలమీద పగిలింది. "ఇంకెన్నాళ్లు వెతకాలి నేను!" అని అరిచి, వెంటనే తగ్గాడు. "ఏమనుకోకమ్మా. పదకొండు రోజులుగా కంటిమీద కునుకు లేదు." కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీచరమ్మ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఈ ఒక్క పనీ గట్టెక్కితే చాలు భగవంతుడా, అనుకుంది. మళ్లీ మొదట్నుంచీ చూసుకుంది. పోర్టు నంబరులో ఒక అంకె తప్పు పడింది. సరిచేసి నొక్కింది. ఈసారి పచ్చ అక్షరాలు.

"మీరే లాగండి అన్నయ్యగారూ."

ఆయన లాగాడు. మొదటి పేజీ, ఫొటోలు, గుర్తుల పేజీ. ఒక్కొక్కటే కుడివైపు గడిలోకి చేరాయి. ఆమె బ్రౌజరు తెరిచి చూపించింది. తెర నిండా ఆవిడ మొహం, పక్కన పాప. ఇద్దరూ నవ్వడం లేదు. కింద ఆయన దగ్గరుండి రాయించిన వివరాలు: ఐదడుగుల రెండంగుళాలు, చామనఛాయ, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. పాపకి ముందుపన్ను ఊడింది. చూసినవారు వెంటనే ఫోన్ చేయగలరు.

"ఇక ఏ మూల దాక్కున్నా ఎవరో ఒకరి కంట పడక తప్పదు. దొరకనీ..." అని మిగతాది పళ్లమధ్య నమిలేశాడు. ఫోను తీసి ఏదో నొక్కి మొహం చిట్లించాడు. "నా ఫోన్లో రావట్లేదేంటమ్మా?"

టీచరమ్మ బ్రౌజరు మూసేసింది.

"కొత్త పేరు కదండీ. ఫోన్లకి చేరడానికి రెండ్రోజులు పడుతుంది. ఏ కొత్త సైటుకైనా అంతే."

"రెండ్రోజులా?" ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. "సర్లే. ఇన్నాళ్లు ఆగినవాణ్ని, రెండ్రోజులు ఆగలేనా?"

ఆమె చీటీ మడిచి తన సంచిలో వేసుకుంది. "పాస్‌వర్డులు ఇలా కాగితాలమీద పడుండకూడదు. నా దగ్గర భద్రంగా ఉంటుంది."

"సొంత చెల్లెలు కూడా ఇంత చెయ్యదమ్మా," అన్నాడు. ఆమె తలొంచుకుని మెట్లు దిగింది.

వీధి మలుపుదాకా మామూలుగానే నడిచింది. మలుపు తిరిగాక మాత్రం పరుగులాంటి నడక. మేడమెట్లు ఎక్కి, తన ఇంటి తలుపు మూడుసార్లు తట్టింది. లోపల గడియ చప్పుడైంది.

తలుపు తీసిన మనిషి ఎడమ ముంజేతిని, సరిగ్గా ఆ కాలిన మచ్చ దగ్గరే పట్టుకుని, "రెండ్రోజులు దొరికాయక్కా, ఆ ఫైళ్లన్నీ ఆ కంప్యూటర్లోంచి మళ్లీ ఆ కంప్యూటర్లోకే వెళ్లాయి, బయటెవరికీ కనబడవు, పాపకి చెప్పులు తొడుగు," అంది టీచరమ్మ.