మస్కట్ నుంచి లైవ్

మొగిలయ్య మస్కట్‌లో ఉన్నాడని ఊరంతా కళ్లారా చూడాలి. సరిగ్గా అదే సమయానికి మొగిలయ్య కథలాపూర్‌లో గోపాల్ రావు ఇంటి తాళం పగలగొట్టాలి. ఇదీ పథకం.

గోపాల్ రావు గల్ఫ్ ఏజెంటు. వీసాలు ఇప్పిస్తానని జనం పాస్‌పోర్టులు తీసుకుని బీరువాలో పెట్టుకున్నాడు. వీసాలు రాలేదు, పాస్‌పోర్టులు తిరిగి ఇవ్వలేదు. అందులో మొగిలయ్య దోస్తు వీరేందర్ బామ్మర్దిది కూడా ఉంది. అది చేతికొచ్చేదాకా అక్క ఇంట్లోనే తిని పడుకుంటానని బామ్మర్ది తీర్మానించుకున్నాడు. వీరేందర్ దొంగతనంలో చేయి కలపడానికి ఆ ఒక్క కారణం చాలు.

మొగిలయ్య తిరిగొచ్చిన సంగతి వీరేందర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. "మస్కట్ల పని కుదరలే తమ్మీ, చెప్పకుండ మర్లచ్చిన" అని, సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుకుంటూ దాక్కున్నాడు.

వీరేందర్‌కు కోరుట్లలో ఫొటో స్టూడియో. కంప్యూటర్ పక్కన అరచేతిలో పట్టేంత నాబ్ ఒకటి పెట్టుకున్నాడు. కుడికి తిప్పితే వీడియో ముందుకు, ఎడమకు తిప్పితే వెనక్కి. అది వచ్చిన నాటినుంచి మౌసు పట్టుకున్నవాళ్లను చూస్తే అతనికి జాలి. మొగిలయ్యను పరదా ముందు కూర్చోబెట్టి, నెత్తిన హెల్మెట్ పెట్టి, చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి ముందే వీడియో తీసి ఉంచాడు.

మొగిలయ్య తమ్ముడి పెండ్లి కోరుట్ల ఫంక్షన్ హాల్లో. పెండ్లికొడుకు అన్నను మస్కట్ పంపిన పెద్దమనిషి కాబట్టి గోపాల్ రావు కుటుంబంతో సహా ముందు వరసలో కూర్చున్నాడు. మస్కట్ నుంచి లైవ్ అంటూ పెద్ద తెర మీద మొగిలయ్య ప్రత్యక్షమయ్యాడు.

తల్లి సమ్మవ్వ మైకు అందుకుంది. "కొడుకా, తిన్నవా?"

హాలు మూల కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న వీరేందర్ నాబ్‌ను పిసరంత అటూ ఇటూ తిప్పాడు. తెర మీద మొగిలయ్య తలూపాడు. ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వీరేందర్‌కు సిగ్గేసింది. ఏజెంటును మోసం చేద్దామనుకున్నాడే గానీ, ఈమె సంగతి ఆలోచించలేదు.

"అల్లుడా, ఎండలెట్లున్నయి ఆడ?" అని మేనమామ లింగన్న అడిగేసరికి కంగారులో నాబ్ ఎక్కువ తిరిగింది. మొగిలయ్య తాగిన చాయ్ నోట్లోంచి మళ్లీ గ్లాసులోకి వచ్చింది.

"నెట్ స్లో ఉన్నది" అన్నాడు వీరేందర్.

అందరూ ఒప్పుకున్నారు. నెట్ మీద వేసిన నింద మన దగ్గర ఎన్నడూ వృథా పోదు.

గోపాల్ రావు మాత్రం ఒప్పుకున్నట్టు లేడు. ఏసీ హాల్లో చెమటలు కారుస్తూ తెరనే చూస్తున్నాడు. చివరికి లేచి మైకు తీసుకున్నాడు. "మొగిలయ్యా, నువ్వు నిజంగ మస్కట్ల ఉన్నవా?"

హాలంతా నవ్వింది. "గదేంది సార్, మీరే పంపిస్తిరి, మీరే అడుగవడితిరి" అంది సమ్మవ్వ.

వీరేందర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. కనిపెట్టేశాడు, ఇక జైలే. అయినా నాబ్ తిప్పాడు. మొగిలయ్య తలూపాడు. గోపాల్ రావు కుర్చీలో కూలబడ్డాడు.

భోజనాల దగ్గర ఉండగా కబురొచ్చింది, ఇల్లు దోచారని. ఊరు ఊరంతా హాల్లోనే ఉంది కాబట్టి ఎస్ఐ అక్కడికే వచ్చాడు. పాస్‌పోర్టులు అనలేక గోపాల్ రావు "ఏవో కాగితాలు సార్" అన్నాడు.

"ఎవరి మీదన్న అనుమానమున్నదా?"

గోపాల్ రావు తెర వైపు చూశాడు. వీరేందర్ వైపు చూశాడు.

"లేదు సార్."

మరునాడు వీరేందర్ సిరిసిల్ల వెళ్లి బామ్మర్ది పాస్‌పోర్టు జేబులో వేసుకున్నాడు కానీ అనుమానం తీరలేదు.

"అన్నా, వాడు మన ఆట కనిపెట్టిండు, ఒట్టు. మరి ఎస్ఐకి ఎందుకు చెప్పలే?"

మొగిలయ్య మగ్గం ఆపి తీరిగ్గా నవ్వాడు.

"నేనెన్నడు మస్కట్ పోయిన తమ్మీ? నన్ను బొంబాయి స్టేషన్ల ఇడిసిపెట్టి అచ్చి, విమానమెక్కించిన అని ఊరంత చాటింది వాడే. గా ముచ్చట ఇప్పుడు పోలీసోళ్లకు ఏ నోటితోని చెప్తడు?"