నిండు ఆవిరి

"బాయిలరు ఊసెత్తావో, రేపట్నుంచి నువ్వూ నీ కొడుకూ గేటు బయటే!" అన్నాడు మేనేజరు రామకోటేశ్వరరావు.

అల్లాబక్ష్ తలగుడ్డ తీసి చేతుల్లో నలిపాడు. జగ్గయ్యపేట పత్తిమిల్లులో బాయిలరుకి బొగ్గు వేస్తూనే అతని గడ్డం నెరిసింది. పక్కరేకు పగిలిందని వారంగా మొత్తుకుంటున్నాడు. అప్పట్నుంచీ సగం ఆవిరి మీదే మిల్లు ఈడుస్తున్నారు.

"నిండు ఆవిరి పెడితే పేలుద్దండి. మనుషులు పోతారండి."

"పెడితే కదా! దొర కారెక్కగానే ఆర్పించి బాగు చేయిస్తా. అందాకా నోరు మూసుకో. నీ కొడుకు సర్దార్ ఎక్కడ వాగుతాడోననే, పొద్దున్నే దూదిబేళ్ల బళ్లతో నందిగామ తోలా."

పోన్లే, పిల్లాడు దూరంగా ఉన్నాడు. అల్లాబక్ష్‌కి అదొక్కటే ధైర్యం.

స్వరాజ్యం వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. తెల్లదొరలు మిల్లు అమ్ముకుని పోయారు. కొన్న మద్రాసాయన్ని కూడా జనం దొరనే అంటున్నారు, నోటికి పట్టిన అలవాటు మరి! ఆ దొర ఇవాళ మిల్లు చూడ్డానికి వచ్చి, పనివాళ్లని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, కంపెనీలో పనెలా ఉందో దాచకుండా చెప్పమంటున్నాడు. చోద్యం కాకపోతే, గుమ్మంలో మేనేజరు నిలబడి చూస్తుంటే ఎవరు చెప్తారండీ?

పత్తి ఏరే లూర్దమ్మ దగ్గుతూ లోపలికెళ్లి, దగ్గుతూనే బయటికొచ్చింది.

"ఏమన్నావు లూర్దమ్మా?"

"కంపెనీ కన్నతల్లన్నా. ఏమనమంటావయ్యా? రేపు ఇంట్లో పొయ్యి వెలగొద్దూ?"

అల్లాబక్ష్ వంతు వచ్చింది. గోడ అవతల బాయిలరు బుసకొడుతోంది. ఆ బుసలో తేడా అతనికి తప్ప ఎవరికీ తెలీదు.

"నీ మాటే ఖాయం చేసుకుందామని ఆగాను. బాయిలరు ఎలా ఉంది?" అనడిగాడు దొర.

గుమ్మంలో మేనేజరు గొంతు సవరించాడు.

"బాగుందండి."

"నిండు ఆవిరికి ఆగుతుందా?"

అల్లాబక్ష్ గుమ్మం వైపు చూశాడు. తను పోతే పోయాడు, సర్దార్‌కి ఈ పనైనా లేకపోతే ఎలా?

"ఆగుద్దండి."

దొర బల్లమీద గంట కొట్టాడు. వరండాలో బంట్రోతు బాయిలరు కొట్టు వైపు, నిండు ఆవిరి పెట్టమని పచ్చజెండా ఊపాడు. వెంటనే అటునుంచి పార చప్పుడు మొదలైంది. తను ఇక్కడుంటే అక్కడ పార పట్టిందెవడని అల్లాబక్ష్ గోడ వైపు తిరిగాడు. మేనేజరు మొహంలో నెత్తురు లేదు. దొర ముందు కాదనలేక అల్లాబక్ష్ వైపు గుడ్లురిమి, నోటిమీద వేలు పెట్టుకుని చూపించాడు.

"నీ సంగతులు చెప్పు. జీతం చాలుతుందా? ఇల్లు కురుస్తుందా?" దొర తీరిగ్గా అడుగుతున్నాడు.

అల్లాబక్ష్ ఏం చెప్తున్నాడో అతనికే తెలీదు. పార ఆగడం లేదు. బుస అంతకంతకూ లావెక్కుతోంది. కిటికీ అద్దాలు వణకడం మొదలెట్టాయి. ఎవడో గాని పాపం, ఎవరి బిడ్డో! ఇప్పుడైనా చెప్పేస్తే? నోటిదాకా వచ్చింది. కూడు పోతుందన్న భయం మళ్లీ లోపలికి నెట్టింది. వాడెవడైతేనేం, సర్దార్ మాత్రం నందిగామలో ఉన్నాడు. ఛీ, ఏం ఆలోచన ఇది! అని తనని తనే తిట్టుకున్నాడు.

"అయ్యా..." అంటూ చివరికి లేచాడు.

భూమి బద్దలైనట్టు చప్పుడైంది. అద్దాలు రాలిపడ్డాయి. బయట ఏడుపులు, పరుగులు. గదినిండా పొగ, బొగ్గుమసి.

అల్లాబక్ష్ నేలమీద కూలబడి భోరుమన్నాడు. "పగులుందండి! నాకు తెలుసండి! నా కొడుకు ఊళ్లో లేడు గదా అని ఊరుకున్నానండి. ఎవరి కొంపో కూల్చేశానండి!"

దొర అతని పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

"నందిగామలో నా కారాపి, పగులుందని చెప్పినవాడు మీ సర్దారేనయ్యా... 'మా నాన్న అబద్ధమాడడు, ఆయన బాగుందంటే బొగ్గు నేనే వేస్తా' అని నా కార్లోనే వచ్చాడు."