‘నా’ ఉన్న చోటల్లా

"నీ పుస్తకం మీద నా పేరూ ఉండాలి కదమ్మా! ‘నా అధ్యయనం’ అన్న చోటల్లా ‘మా’ అని మార్చు," అన్నారు శాఖాధిపతి, నా కుర్చీ వెనక నిలబడి.

ఆయన ఒక్క వాక్యమూ రాయలేదు. కాదంటే నా ప్రమోషన్ ఫైలు ఆయన టేబుల్ దాటదు.

మౌస్ అక్కర్లేకుండా మీటలతోనే నడిచే ఎడిటర్ ప్రోగ్రాం నాది. ‘నా’ని వెతికి మార్చమన్నాను. ‘నాలుగు’ దగ్గరా, ‘నాటకం’ దగ్గరా కూడా ఆగి, మార్చనా అని అడుగుతోంది. ఎదురు చెప్పలేని నా నోటిని తిట్టుకుంటూ, కావలసిన చోటల్లా అవునన్నట్టు ‘వై’ మీట నొక్కాను. మొత్తం నూట పన్నెండు మార్పులు.

చివరి పేజీలో ‘తప్పులన్నీ మావే’ అని కనబడగానే ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఇదేంటమ్మా, మధ్యలో నన్ను ఇరికిస్తావ్? ఇది మాత్రం పాతదే ఉంచు."

మార్పును రద్దు చేసే మీట ఒక్కసారి నొక్కాను. ఒకే ఆదేశంతో మార్చినవి కదా, నూట పన్నెండూ తిరిగి ‘నా’ అయిపోయాయి.

"ఉంచాను సార్."