మద్రాసు ప్రింటు

కెమెరా అబద్ధం చెప్పదని జనం నమ్మకం. నంద్యాల ఫోటోగ్రాఫరు దేవదానం అందులో సగమే నమ్మేవాడు. నలుపు తెలుపు ఫిల్ము అబద్ధం చెప్పదు. దాన్ని కడిగేది అతని చేతులే. రంగుల ఫిల్మును మద్రాసులో ఎవరో కడుగుతారు.

1978లో చర్చి వజ్రోత్సవానికి రంగుల ఫోటోలు కావలసి వచ్చాయి. పాస్టరు రాజరత్నం షరతు ఒక్కటే.

"ముందు ఒకర్ని తీసి చూపియ్యప్పా. మనిషి మనిషి రంగులో ఉండాల. లేకుంటే కర్నూలోళ్లను పిలుచుకుంటాం."

దేవదానం ఆళ్లగడ్డ నుంచి చెల్లెలు ఏసమ్మను పిలిపించాడు. తెల్లచీర కట్టించి, స్టూడియో బల్బుల కింద రెండు ఫిల్ముల మీదా తీశాడు. నలుపు తెలుపులో ఆమె చక్కగా వచ్చింది. రెండు వారాలకు అందిన రంగుల ప్రింటు మాత్రం పసుపు కొట్టింది. బల్బుల దోషమని తేల్చాడు.

రెండోసారి మిద్దె మీద తీశాడు. ఎండకు ఏసమ్మ కళ్లు చికిలించింది.

"నిలబడలేకుండానన్నా. కూడు సయిస్తాలేదు. ఆస్పత్రికి పోయొస్తా."

దేవదానం మొదటి నలుపు తెలుపు ఫోటో ఆమె చేతిలో పెట్టాడు. "చూసుకో. రోగమొచ్చిన మొగమేనా ఇది?"

ఏసమ్మ చాలాసేపు చూసింది. "బాగనే ఉండానే" అని మళ్లీ నిలబడింది.

ఈసారి ప్రింటులో చీర తెల్లగానే ఉంది. ముఖం మునుపటికన్నా పసుపు. చూడడానికి వచ్చిన చెల్లెలిని అడిగాడు.

"పసుపు పూసుకొని నిలబడితివా ఏంది?"

"మనిండ్లల్లో ఆ పూతలు యాడివన్నా? పాస్టరు గుడిలోకి రానిస్తాడా?" ఆమె నవ్వబోయి, గోడకు ఆనుకుంది.

బల్బులు కావు, ఎండ కాదు, పూత కాదు. మిగిలింది మద్రాసు. ముఖంలోని పసుపు తీసేసి మళ్లీ ప్రింటు వేయమని దేవదానం ల్యాబుకు ఉత్తరం రాశాడు.

వాళ్లు వేశారు. చీర కొంచెం నీలంగా మారింది. ముఖం చక్కటి చామనఛాయ.

"చీరకు నీలిమందు ఎక్కువైంది గానీ, మనిషంటే ఇదప్పా. పని నీదే" అన్నాడు రాజరత్నం.

దేవదానం ఆ పటానికి అద్దం కట్టించి, షాపు ముందు వేలాడదీశాడు.

అదే వారం ఆళ్లగడ్డలో ఏసమ్మ చనిపోయింది. పచ్చకామెర్లు ముదిరి నెలన్నర దాటిందని డాక్టరు రాసిచ్చాడు.