ముందు రెక్క మీద వడియాలు

ఇంటికో విమానం వచ్చాక కాలనీలో డాబాలెక్కి ఎండబెట్టుకోవడం మానేశారు, వాకిట్లో రెక్కలున్నాయిగా!

తను సొంతంగా కట్టుకున్న విమానం ఆ ఉదయం మొదటిసారి గాల్లోకి లేవగానే ముక్కు కిందికి వాలిపోతుంటే హైమవతి గుండె జారిపోయింది. ముక్కును ఎత్తిపట్టాల్సింది ముందున్న చిన్న రెక్కే. అది వంకరగా కుదిరిందంటే ఇన్నేళ్ల కష్టం మట్టిపాలే. ఎలాగో దిగి, రెక్కను తడిమింది. గరుకుగా తగిలింది. గరుకు రెక్క గాలిని పట్టదు.

"అత్తయ్యా, దీనిమీద ఏం పెట్టారు?"

"వడియాలేనే. ఒలిచేశాగా, అడుగులు కాస్త అంటుకుపోయాయి."

హైమవతికి ప్రాణం లేచొచ్చింది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ ఎగిరింది. ముక్కు వాలితే ఒట్టు.

దిగాక నవ్వుతూ అంది: "ఇకమీదట వెనక రెక్క వాడుకోండి అత్తయ్యా."

"ఎదురింటి సుభద్రమ్మ వాళ్ల విమానం ఊరెళ్లిందట, అది ఆవిడ అప్పడాలకి మాటిచ్చేశానే!"