నాగప్ప ఫిర్యాదు

“మళ్లీ వచ్చినాడు మేడం,” అన్నాడు హబీబ్, నెట్టు బిగిస్తున్నవాడు ఆగి.

జ్యోతి గేటు వైపు చూసింది. పక్క సందులో ఉండే నాగప్ప నిన్నటిలాగే నిలబడి ఉన్నాడు. కుడిచేతికి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. కంచం ముందు నుంచి లేచి వచ్చాడంటే ఎంత కోపంగా ఉన్నాడో అనుకుంది ఆమె. ముఖంలో మాత్రం కోపం లేదు. అసలు ఏమీ లేదు.

టోర్నమెంటుకు ఇంకా పది రోజులున్నాయి. ఎమ్మిగనూరు నేతవీధి వెనక, మూతపడిన అద్దకం షెడ్డు ఆవరణలో పికిల్‌బాల్ కోర్టు వేసి రెండు నెలలైంది. పొట్టి బ్యాటుతో చిల్లుల ప్లాస్టిక్ బంతిని కొట్టుకునే ఈ ఆటను ఊరికి తెచ్చింది జూనియర్ కాలేజీ లెక్చరర్ జ్యోతి. చీరల కొట్టు హబీబ్ ఆమెకు కుడిభుజం. ఆదోని, నందవరం కలుపుకుని ఇరవై నాలుగు జంటలు పేర్లిచ్చాయి. అందులో సగం మందికి సర్వీసు చేయడం సరిగ్గా రాదు. అయినా జెర్సీల రంగు మీద మూడు మీటింగులు జరిగాయి. షెడ్డు యజమాని మాత్రం ఒకటే మాట చెప్పాడు: “వీధిలోనుంచి ఒక్క కంప్లయింటు వచ్చినా గేటుకు తాళం వేస్తా.”

ఆ ఒక్క కంప్లయింటు ఇప్పుడు గేటు దగ్గర నిలబడి ఉంది.

“రాండి పెద్దాయనా,” అన్నాడు హబీబ్.

“ఈ టకటక సప్పుడు…” నాగప్ప నెమ్మదిగా మొదలుపెట్టాడు. అతని నోట ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలాసేపు పడుతుంది. “పగలు ఒంటిగంటకు, మాపటికి ఏడింటికి…”

“మీరు అన్నం తినే టైము. అర్థమైంది. ఆ రెండు టైములూ ఆట ఆపేస్తాం, సరేనా?”

“అట్ల కాదప్పా…”

“మొత్తం ఆపమంటే ఎట్ల పెద్దాయనా? ఊర్లో పిల్లోళ్లు శానా ఆశ పెట్టుకున్నారు. ఈ మాత్రం సర్దుకోండి.”

నాగప్ప తన చేతి వైపు చూసుకున్నాడు. తిరిగి సందు వైపు నడిచాడు.

“చూసినారా మేడం, అంతా మాట్లాడే విధానంలో ఉంటుంది,” అన్నాడు హబీబ్.

ఆ రోజు నుంచి ఒంటిగంటకు, ఏడింటికి ఆట ఆగిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం నాగప్ప మళ్లీ గేటు దగ్గరికొచ్చాడు.

“ఈ పొద్దు ఆడల్యా?”

“లేదు తాతా. మీకిచ్చిన మాట తప్పుతామా?” అంది జ్యోతి.

“మళ్ల ఎప్పుడాడతారు?”

జ్యోతికి భయమేసింది. ముసలాయన గంటగంటకూ లెక్క చూస్తున్నాడు. ఇక యజమాని దగ్గరికి పోవడం ఒక్కటే తరువాయి అనుకుంది.

మర్నాడే హబీబ్ బెంగళూరు బస్సులో మెత్తటి స్పాంజి బంతులు తెప్పించాడు. ఎంత గట్టిగా కొట్టినా చప్పుడు కాదు. ఆటగాళ్లు ముఖాలు మాడ్చుకున్నారు. హబీబ్ పట్టించుకోకుండా నాగప్పను పిలిచి మరీ అడిగాడు.

“ఇప్పుడు ఇంటికి ఇనపడతాందా పెద్దాయనా?”

“ఇనపల్యా.”

“కొంచెం కూడా?”

“ఏమీ ఇనపల్యా.”

ఆ గొంతులో సంతోషమూ లేదు, కోపమూ లేదు. హబీబ్‌కు మాత్రం కడుపు నిండిపోయింది.

టోర్నమెంటుకు నాలుగు రోజుల ముందు జ్యోతి ఆహ్వాన పత్రిక, మైసూరుపాకు డబ్బా పట్టుకుని నాగప్ప ఇంటికి పోయింది. ఒకటే గది. ఒకప్పుడు నాగప్ప నేసిన మగ్గం గుంత పూడ్చి, దాని మీద మంచం వేశారు. మంచం మీద నాగప్ప భార్య లక్ష్మక్క పడుకుని ఉంది. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడటం లేదు.

“ఏమైంది తాతా?”

“తలకాయలో నరం సిట్లిందంట. ఏడాదాయ. మనుసులను గుర్తుపట్టదు.”

“ఇంత చిక్కిపోయిందేంది?”

“ఈ వారంలోనే శానా తగ్గిపాయ.” నాగప్ప ఆగాడు. “అమ్మా, మీ ఆట సప్పుడు…”

“ఏమీ చెప్పొద్దు తాతా. నాకు తెలిసింది.”

జ్యోతికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంత జబ్బు మనిషి చెవి పక్కన రెండు నెలలుగా టకటకలాడించారు. మైసూరుపాకు డబ్బా గూట్లో పెట్టి బయటికి వచ్చేసింది.

“ఇక్కడ వద్దు హబీబ్ భాయ్,” అంది కోర్టు దగ్గరికి రాగానే. “ఆదోనిలో పత్తిమిల్లు గోడౌను ఖాళీగా ఉంది కదా, టోర్నమెంటు అక్కడ పెడదాం. కోర్టు కూడా ఇంక అక్కడే.”

“ఫ్లెక్సీలు కట్టేసినాం మేడం! ఎమ్మిగనూరు కప్పు అని పేరు పెట్టి ఆదోనిలో ఆడితే నవ్వరా?”

“నవ్వనీ. పక్కింట్లో మనిషి ప్రాణం మీదికొస్తే కప్పు ఏం చేసుకుంటాం?”

షెడ్డు యజమానికి హబీబే ఫోను చేసి తాళంచెవి తీసుకోమన్నాడు.

మర్నాడు పొద్దున నెట్లు, స్తంభాలు, బంతుల సంచులు ఎక్కించారు. రెండు నెలల కష్టం ఒక్క ఆటోలో సరిపోయింది. జ్యోతికి బాధ కలగలేదు. మంచి పనే చేశాం అని మనసులో రెండుసార్లు అనుకుని చూసింది. ఆ మాటకు కూడా ఏమీ అనిపించలేదు.

ఆటో కదలబోతుంటే నాగప్ప వచ్చాడు. కోర్టు ఉన్న చోట మిగిలిన తెల్ల గీతల వైపు చూశాడు.

“యాడికి తీసకపోతాండారు?”

“ఆదోనికి తాతా. ఇంక ఇక్కడ ఎవరూ ఆడరు. చిన్న చప్పుడు కూడా రాదు. అమ్మను నిమ్మళంగా పడుకోనీండి.”

నాగప్ప గీతల మీద నుంచి చూపు తిప్పలేదు. ఈసారి అతని మాటకు ఎవరూ అడ్డం పోలేదు.

“ఆ టకటకను మగ్గమనుకోనే మా ముసల్ది ఇన్నాళ్లూ ముద్ద మింగిందమ్మా.”